సత్రం మీద వ్యాసం రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లాండులోని సోమర్సెట్‌లో నార్టన్ సెయింట్ ఫిలిప్ అనే పల్లెలో ఉన్న జార్జ్ ఇన్ అనే పాత సత్రం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. అయితే వెచ్చని దీపాలూ గతవైభవమూ దయ్యాల కథా ఉన్నాయి గానీ, గోడ దేనితో కట్టారో ఎక్కడా లేదు.

వీధిలో నిలబడి చూసినవాడికి ముందు కనబడేది రెండు రకాల పనితనం. కింది అంతస్తు రాతికట్టడం, అందులో పెద్ద కమాను ద్వారం. పై రెండు అంతస్తులు కలపవి, వీధివైపు కొంచెం ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఇది కేవలం సొగసు కాదు. దూలాల కొసలను కింది గోడ దాటించి, వాటి మీద పై గోడను నిలిపితే, ఆ గోడ బరువు కొసలను అణచిపట్టి, లోపల మనుషులూ సరుకూ ఉన్నప్పుడు దూలం నడుమ కుంగకుండా కొంత కాస్తుంది. పై గదీ కాస్త విశాలమవుతుంది. ఇలాంటి ఇళ్ళలో ఓక్ దుంగ కొనను సన్నగా చెక్కి, మరో దుంగ బెజ్జంలో దూర్చి, కర్రమేకు కొట్టేవారు. దుంగల మధ్య ఖాళీలను తడిక అల్లి మట్టి మెత్తి పూడ్చడం వాడుక. మన పల్లెల తడిక గోడలు ఎరిగిన పాఠకుడికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

ఆ తరువాత, పల్లెకు ఇంత కట్టడం ఎందుకని అడుగు. దగ్గరలోని హింటన్ మఠానికి చెందిన కార్తూసియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు 14వ శతాబ్దంలో దీన్ని కట్టించారు. ఊళ్ళో జరిగే ఉన్ని, బట్టల సంతలకు వచ్చే వర్తకులకు బస కావాలి, సరుకుకు గిడ్డంగి కావాలి. పైనున్న కలప అంతస్తులు 15వ శతాబ్దపువి. 1539లో మఠం మూతపడినా సత్రం వ్యాపారం ఆగలేదు. నీ వ్యాసానికి అసలు ఆయువుపట్టు ఇక్కడుంది. నువ్వేమో దీన్ని అర వాక్యంలో దాటేశావు.

పుకార్ల విషయంలో కఠినంగా ఉండు. డైరీతో పేరుపొందిన ఆంగ్లేయుడు శామ్యూల్ పెపిస్ 1668 జూన్‌లో ఈ ఊళ్ళో భోంచేసినట్టు తన డైరీలోనే ఉంది, కాబట్టి నిస్సంకోచంగా రాయి. 1685 జూన్‌లో రెండో జేమ్స్ రాజు మీద తిరుగుబాటు చేసిన మన్మత్ డ్యూక్ సేన ఇక్కడ రాజు సైన్యంతో తలపడిందన్నదీ చరిత్రే. కిటికీ దగ్గరున్న డ్యూక్ మీద ఎవరో తుపాకీ పేల్చారన్నది మాత్రం జనం చెప్పుకునే కథ, కథగానే చెప్పు. ‘ఇంగ్లాండులోకెల్లా పాత పబ్’ అన్న మాట తీసెయ్యి, ఆ బిరుదు కోసం అక్కడ చాలా పబ్బులు పోటీపడుతున్నాయి. ఇది గ్రేడ్ 1 రక్షిత కట్టడం, అంటే అక్కడి రక్షిత కట్టడాల జాబితాలో అత్యున్నత శ్రేణిది. ఆ జాబితాలోని వర్ణన దగ్గర పెట్టుకుని తిరగరాసి పంపు, దయ్యం పేరా లేకుండా.