పాచికల బల్ల, పాఠకుల ప్రశ్నలు: మాన్‌స్టర్ గురించి ఎంత రాయాలి?

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలో పాత్ర వహించి, పాచికలేస్తూ కథ నడిపే ఆట) అయిదో ఎడిషన్ ఆడిస్తుంటాను. మాన్‌స్టర్లను నేనే తయారుచేసుకుంటాను. ఒక్కోదానికీ రెండేసి పేజీలు రాసినా ఆట మధ్యలో కావలసింది చేతికి దొరకదు. ఎంత రాస్తే సరిపోతుందండీ?

జవాబు: మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది పొడవు కంటే వరస. మాన్‌స్టర్ ఎంట్రీని గేమ్ మాస్టర్ (ఆట నడిపే మీరు) రెండుసార్లు చదువుతారు. ముందురోజు తీరిగ్గా ఒకసారి, ఆటలో అందరూ తన మొహంకేసి చూస్తుండగా మరోసారి. ఆ రెండోసారి దొరికేది కొన్ని సెకన్లే. అందుకని ఏది ఎప్పుడు కావాలో ఆ క్రమంలోనే పేర్చండి. ఎదురుపడకముందు కనిపించే ఆనవాళ్లు మొదట రావాలి. తర్వాత దానికి ఏం కావాలన్నది, ఆపైన అంకెలు. వంతు మొదట్లో జరిగేది, వంతులో చేసేది, ఎదుటివాళ్ల వంతులో చేసేది విడివిడిగా ఉండాలి. ఎప్పుడు పారిపోతుందో చివర్న.

2014 నియమాల్లోని ట్రోల్ అనే రాక్షసినే తీసుకోండి. ప్రతి వంతు మొదట్లో దానికి 10 హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) తిరిగొచ్చేవి. నిప్పుగానీ యాసిడ్‌గానీ తగిలితే దాని తర్వాతి వంతులో వచ్చేవి కావు. పోరాటమంతా ఈ ఒక్క నియమం మీదే నడుస్తుంది. మరిచిపోవడం తేలికైనదీ ఇదే, ఎందుకంటే వంతు రాగానే కన్ను తిన్నగా దాడుల దగ్గరికి పోతుంది. హిట్ పాయింట్ల పక్కనే ‘వంతు మొదట +10, నిప్పు/యాసిడ్ పడితే లేదు’ అని రాసిపెట్టుకోండి.

చీకటి గుహల్లో తిరిగే ‘దీపమింగి’ అనే ప్రాణిని ఈ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

ఆనవాళ్లు: సగం కూడా కాలకుండా ఆరిపోయిన కాగడాలు, గోడలమీద నల్లటి జిగురు.
కావలసింది: మంట. మనుషుల మాంసం అక్కర్లేదు.
ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే పాచికతో అందుకోవలసిన అంకె) 13. హిట్ పాయింట్లు 22 (4డి8+4, అంటే నాలుగు ఎనిమిది ముఖాల పాచికల మొత్తానికి 4 కలపడం). వేగం 30 అడుగులు, గోడ ఎక్కినా అంతే. బ్లైండ్‌సైట్ (కంటిచూపు లేకుండానే పసిగట్టడం) 60 అడుగులు.
తన వంతులో: పంజా +4 (దాడి పాచికకు కలిపేది), దెబ్బ 1డి6+2. తగిలితే ఆ మనిషి చేతిలోని కాగడా ఆరిపోతుంది.
ఎదుటివాళ్ల వంతులో: 30 అడుగుల లోపల ఎవరు మంట వెలిగించినా రియాక్షన్‌గా (తన వంతు కాకపోయినా చేసే ఎదురు చర్యగా) వాళ్లవైపు 15 అడుగులు దూకుతుంది.
పారిపోవడం: 11 హిట్ పాయింట్లకు దిగితే. వెలుగుతున్న కాగడా విసిరేస్తే మనుషుల్ని వదిలి దాని వెంటపడుతుంది.

ఆనవాళ్లను గమనించిన జట్టు ముందే జాగ్రత్తపడుతుంది. కాగడా విసరాలన్న ఆలోచన తట్టినవాళ్లు కత్తి దూయకుండానే బయటపడతారు. ఆటగాళ్ల నిర్ణయాలకు పనికొచ్చే ఇలాంటి వాక్యాలకు ఎంత చోటైనా ఇవ్వొచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. ఎల్ఫ్, డ్వార్ఫ్ జాతుల పాత్రలకు డార్క్‌విజన్ (చీకట్లో చూడగల శక్తి) ఉంటుంది. జట్టంతా వాళ్లే అయితే కాగడా ఆరినా ఎవరికీ నష్టం లేదు, మాన్‌స్టర్ తుస్సుమంటుంది. అయితే డార్క్‌విజన్‌కు కటిక చీకటి మసక వెలుతురులా కనిపిస్తుంది, మసకలో చూపుతో చేసే పర్సెప్షన్ (గమనింపు) చెక్‌లకు డిసడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి తక్కువది తీసుకోవడం) ఉంటుంది. అలాంటి జట్టు కోసం ‘స్టెల్త్ (నక్కి ఉండడం) +6, పైకప్పుకు అంటుకుని పొంచి ఉంటుంది’ అన్న ముక్క కలపండి. మీ జట్టు క్యారెక్టర్ షీట్లు పక్కన పెట్టుకుని ప్రతి శక్తినీ ఇలా సరిచూడాలి.

చిన్నా చితకా వాటికి ఇంత అక్కర్లేదు. 2014 నియమాల్లోని గాబ్లిన్ అనే చిన్న జీవికి ఒక్క వరస చాలు: ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు 7, కత్తి +4, దెబ్బ 1డి6+2, ప్రతి వంతులో బోనస్ యాక్షన్‌గా (అదనపు చర్యగా) దాక్కోవచ్చు లేదా తప్పించుకోవచ్చు.

ప్రశ్న: పుట్టుక, నివాసం, తిండి, సమాజం అంటూ రాసేదంతా దండగేనా?

జవాబు: దండగ కానే కాదు, నాకు ఎంతో ఇష్టమైన భాగం అదే. 1974లో ఈ ఆట మొదటిసారి వచ్చినప్పుడు మాన్‌స్టర్ల అంకెలు ఒక పట్టికలో ఇమిడిపోయాయి, వివరణలు క్లుప్తంగా ఉండేవి. 1989లో రెండో ఎడిషన్ వాటిని విడి కాగితాల బైండర్‌లో తెచ్చి, నివాసానికీ జీవావరణానికీ విడిగా చోటిచ్చింది. వాటిలో మంచి పేజీ చదివితే ఒక సాహసయాత్రే తయారయ్యేది.

ఒక్కో వాక్యాన్నీ ఇలా అడగండి: దీనివల్ల ఆటగాళ్లు చూసేదిగానీ చేసేదిగానీ మారుతుందా? ‘పదేళ్లకోసారి గుడ్లు పెడుతుంది’ అంటే ఏమీ మారదు. ‘గుడ్డు తాకినవాడి వాసన పట్టి మూడు రోజులు వెంటాడుతుంది, ఏరు దాటితే జాడ పోగొట్టుకుంటుంది’ అంటే ఆటగాళ్లకు ఒక భయమూ ఒక దారీ రెండూ దొరుకుతాయి.

ప్రశ్న: మంత్రాలు వేసే మాన్‌స్టర్లను నడపడం నావల్ల కావడం లేదు. జాబితా చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

జవాబు: 2014 నియమాల్లోని లిచ్ (చచ్చినా బతికే మంత్రగాడు) ఎంట్రీలో ఇరవైకి పైగా స్పెల్స్ (మంత్రాల) పేర్లు మాత్రమే ఉంటాయి, అవి ఏం చేస్తాయో వేరే పుస్తకంలో చూసుకోవాలి. పోరాటం మూడు నాలుగు రౌండ్లలో తేలిపోతే మీరు వాడేది ఐదారే. ముందే ఎంచుకోండి: మొదటి రౌండ్‌కు ఒకటి, చుట్టుముట్టినప్పుడు ఒకటి, తప్పించుకోవడానికి ఒకటి. ప్రతిదాని పక్కనా దూరం, సేవ్ (తప్పించుకోవడానికి వేసే పాచిక), దెబ్బ రాయండి. షీల్డ్, కౌంటర్‌స్పెల్ అనే మంత్రాలు రియాక్షన్లు. అవి ఎదుటివాళ్ల వంతులో వాడేవి కాబట్టి జాబితాలో పడి ఉంటే గుర్తుకే రావు. కార్డు పైభాగాన పెద్ద అక్షరాలతో రాయండి.

ప్రశ్న: మా ఆటలో ప్రతి మాన్‌స్టరూ చచ్చేదాకా పోరాడుతుంది. ఎంట్రీలో ఏం చేర్చాలి?

జవాబు: ఒక్క అంకె. 1981 బేసిక్ నియమాల్లో ప్రతి మాన్‌స్టర్‌కూ 2 నుంచి 12 లోపు మొరాల్ (ధైర్యం అంకె) ఉండేది. మాన్‌స్టర్ల గుంపులో మొదటిది చచ్చినప్పుడు ఒకసారి, సగం పడిపోయినప్పుడు ఇంకోసారి 2డి6 వేయాలి. మొరాల్ కంటే ఎక్కువ పడితే పారిపోతాయి లేదా లొంగిపోతాయి. మొరాల్ 7 అయితే ఒక్కో పరీక్షలో వెనక్కి తగ్గే అవకాశం 42 శాతం దాకా, 9 అయితే 17 శాతం దాకా ఉంటుంది. పిరికివాటికి 6 నుంచి 7, శిక్షణ పొందిన కాపలావాళ్లకు 9, శవాల సైన్యానికి 12 ఇచ్చి చూడండి. ఎటు పారిపోతాయో, ఎవరికి కబురు చేరవేస్తాయో పక్కనే ఒక వాక్యం రాసుకోండి. అది లేకపోతే పారిపోయినవి ఆటలోంచే మాయమైపోతాయి.