97116 డినై అయితే మాడిఫైయర్ మార్చి మళ్ళీ పంపొచ్చా? నాకు తెలిసింది రాస్తున్నా

మీరు అడిగింది ఇది కదండి, వైజాగ్‌లోనే ఒక బిల్లింగ్ ఆఫీసులో కొత్తగా చేరారు, అమెరికాలో అవుట్‌పేషెంట్ ఫిజికల్ థెరపీ క్లినిక్ క్లెయిమ్స్ చూస్తున్నారు, పార్కిన్సన్స్ ఉన్న మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) పేషెంట్‌కి 20 నిమిషాలు గెయిట్ ట్రైనింగ్, అంటే నడక సరిచేసే థెరపీ, చేస్తే దాని బిల్లింగ్ కోడ్ 97116 ఒక యూనిట్ వేశారు, అది సీఓ 50 అనే డినయల్ కోడ్‌తో వెనక్కొచ్చింది, నోట్‌లో "వాకర్‌తో 150 అడుగులు నడిచారు" అని తప్ప ఇంకేం లేదు, టీమ్ లీడ్ ఏమో 59 మాడిఫైయర్ (కోడ్ పక్కన తగిలించే రెండక్షరాల గుర్తు) పెట్టి మళ్ళీ కొట్టేయమంటున్నారు, ఏం చెయ్యాలి అని.

కొట్టకండి. 59 అనేది ఒకే రోజు చేసిన రెండు సర్వీసులు వేర్వేరు అని చెప్పడానికి. మీకొచ్చిన డినయల్‌లో ఆ గొడవే లేదు, "ఇది మెడికల్‌గా అవసరం అనిపించట్లేదు" అంటున్నారు అంతే. అడిగింది ఒకటైతే మనం చెప్పేది ఇంకోటి అవుతుంది, పైగా నిజం కాని మాడిఫైయర్ పెట్టినట్టు అవుతుంది, అది చిన్న విషయం కాదు. అప్పీల్ హక్కు ఉన్న డినయల్‌కి కొత్త క్లెయిమ్ పంపితే డూప్లికేట్ అని పడిపోతుంది కూడా, ఈలోగా రోజులు గడిచిపోతాయి.

నేను ఈ పనిలో ఆరేళ్ళుగా ఉన్నాను. మొదటి రెండేళ్ళు 97116 అంటే నాకు ఒక అంకె మాత్రమే, పదిహేను నిమిషాలకి ఒక యూనిట్, థెరపిస్ట్ పక్కనే ఉండి ఒక్కరికే చెయ్యాలి, మెట్లెక్కించడం కూడా అందులోకే వస్తుంది, ఇదే నాకు తెలిసింది. మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయ్యాక సీతమ్మధారలో ఒక ఫిజియో దగ్గరకి రోజు విడిచి రోజు తీసుకెళ్ళేవాణ్ణి. నైట్ షిఫ్ట్ దిగి, రుషికొండ నుంచి క్యాబ్‌లో వచ్చి, నిద్రకళ్ళతోనే అక్కడ బెంచీ మీద కూర్చునేవాణ్ణి. నాలుగైదు సార్లు చూసినా ఆయన అమ్మ పక్కన ఊరికే నడుస్తున్నట్టే అనిపించింది, దీనికి డబ్బులెందుకు, ఇంట్లో హాల్లో నేనే నడిపించొచ్చు కదా అనుకున్నా, నడిపించా కూడా. దూరం అంతే వచ్చింది. కానీ అమ్మ ఆపరేషన్ అయిన కాలు మీద బరువు వెయ్యకుండా నడుం ఒక పక్కకి వంచేసి ఈడ్చుకుంటూ నడిచింది, నాకు అది కనపడనే లేదు. మర్నాడు ఆయన రెండడుగులకే పట్టేశారు. ఒక చెయ్యి నడుం బెల్టు మీద, "అమ్మగారూ, ముందు మడమ ఆనించండి, ఇప్పుడు ఈ కాలి మీదకి రండి" అని ప్రతి అడుగుకీ చెబుతూ, తిరిగేటప్పుడు వాకర్‌ని ఎంత దూరంలో పెట్టాలో చూపిస్తూ, అమ్మ తడబడగానే వేగం తగ్గించి. అమ్మ కోరికల్లా మా గుమ్మం ముందున్న మూడు మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాలని, ఆ తర్వాత సింహాచలం వెళ్ళి అప్పన్న దర్శనం లైన్లో నిలబడాలని. ఆయన పని మొత్తం ఆ మెట్ల చుట్టూనే తిరిగింది.

ఆ రోజు నాకు మన డినయల్స్ అర్థమయ్యాయి. 150 అడుగులు నేనూ నడిపించగలను. అందుకే ఆ ఒక్క లైన్ చదివిన బీమా వాళ్ళ రివ్యూయర్‌కి థెరపిస్ట్ ఎందుకు కావాలో తెలీదు. నడకలో తప్పేంటి, థెరపిస్ట్ చేత్తో, మాటతో ఏం సరిచేశారు, పేషెంట్ ఎలా స్పందించారు, ఇంట్లో దేనికి పనికొస్తుంది, ఇవి నోట్‌లో ఉండాలి. పార్కిన్సన్స్ వాళ్ళకి గుమ్మం దగ్గరా మలుపుల దగ్గరా కాళ్ళు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి, మీ పేషెంట్‌కి థెరపిస్ట్ లయగా తాళం కొట్టో నేల మీద గీతలు చూపించో నడిపించి ఉంటే అదే అసలు విషయం, అదే రాయలేదేమో.

కాబట్టి ముందు క్లినిక్‌కి రాసి ఆ రోజు నోట్ ఒక్కటే కాకుండా మొదటి ఎవాల్యుయేషన్, ప్లాన్ ఆఫ్ కేర్, పది ట్రీట్‌మెంట్ రోజులకోసారి రాసే ప్రోగ్రెస్ రిపోర్ట్ అన్నీ తెప్పించండి. చాలాసార్లు బ్యాలెన్స్ స్కోర్లు, పడిపోయిన చరిత్ర అన్నీ ఎవాల్యుయేషన్‌లో ఉంటాయి, రోజువారీ నోట్‌లో ఉండవు. థెరపిస్ట్ అడెండమ్ (నోట్‌కి తర్వాత చేర్చే వివరణ) రాస్తే నిజంగా చేసిందే రాయాలి, రాసిన రోజు తేదీ, సంతకంతో, పాత తేదీ వేసి కాదు. మనం వాళ్ళకి వాక్యాలు అందించకూడదు, ఏం లేదో అడగాలి అంతే. మామూలు మెడికేర్ అయితే మొదటి అప్పీల్‌కి డినయల్ నోటీసు అందినప్పటి నుంచి 120 రోజులు ఉంటుంది, ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లకి, మామూలు ప్రైవేటు బీమా వాళ్ళకి గడువు వేరు, మీ పేషెంట్‌ది ఏ ప్లానో కార్డు చూసుకోండి.

"పేషెంట్ మెరుగవ్వట్లేదు కదా, పార్కిన్సన్స్ కదా, గెలవదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. జిమ్మో వర్సెస్ సెబీలియస్ కేసులో 2013 లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ ఉంది, మెరుగుపడే అవకాశం లేదన్న ఒక్క కారణంతో మెడికేర్ కవరేజ్ ఆపకూడదు, ఉన్న స్థితి నిలబెట్టడానికైనా, దిగజారడం నెమ్మదింపజెయ్యడానికైనా థెరపిస్ట్ నైపుణ్యం అవసరమైతే కవరేజ్ ఉంటుంది. అప్పీల్ లెటర్లో ఇది రాయండి. ఇలాంటి పేషెంట్ల క్లెయిములు పోతున్నా ఎవరూ పోరాడకుండా రైటాఫ్ చేసి, అంటే రాని డబ్బుగా వదిలేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ తర్వాత ఆ ముసలాయన థెరపీకి రావడమే మానేస్తాడు.

యూనిట్ల లెక్క గురించి కూడా ఒక మాట, ఇది నేను చేసిన తప్పే. 97110 ఎక్సర్‌సైజ్ 24 నిమిషాలు, 97116 పది నిమిషాలు ఉంటే నేను ఒక్కో కోడ్‌ని విడిగా లెక్కేసి రెండూ ఒకటీ మూడు యూనిట్లు వేశాను. కొన్ని ప్రైవేటు పేయర్లకి, అంటే డబ్బు కట్టే బీమా కంపెనీలకి, అలాగే లెక్క. మెడికేర్‌కి కాదు, మొత్తం నిమిషాలు ముందు కలపాలి, 8 నుంచి 22 దాకా ఒకటి, 23 నుంచి 37 దాకా రెండు, 38 నుంచి 52 దాకా మూడు. నాది 34, అంటే రెండే, చెరొకటి. తప్పు చూసుకున్నాక క్లయింట్‌కి చెప్పి ఎక్కువొచ్చిన డబ్బు వెనక్కి పంపించాం, ఆ తర్వాత నుంచి పేయర్ పేరు చూడకుండా యూనిట్లు వెయ్యను. మీ 20 నిమిషాలకి ఒక యూనిట్ కరెక్టే, అక్కడ భయం లేదు.

ఇది ఫిజికల్ థెరపీ అని చెప్పే జీపీ మాడిఫైయర్ ఎలాగూ ఉంటుంది. పీటీఏ (థెరపిస్ట్ అసిస్టెంట్) చేసి ఉంటే సీక్యూ మాడిఫైయర్ ఉందా చూడండి, దానికి 85 శాతమే వస్తుంది. 2025 లో అయితే ఒక పేషెంట్‌కి ఏడాదిలో ఫిజికల్ థెరపీ, స్పీచ్ థెరపీ కలిపి 2,410 డాలర్లు దాటాక కేఎక్స్ (ఇంకా థెరపీ అవసరమే అని చెప్పే మాడిఫైయర్) కావాల్సి వచ్చేది, ఊరికే పెట్టేది కాదు, అవసరం నోట్‌లో కనపడాలి.

లీడ్‌తో గొడవ పడక్కర్లేదండి, డినయల్ కోడ్ అర్థం, అప్పీల్ గడువు తేదీ రెండూ మెయిల్‌లో రాసి పంపండి, మాట మీద వదిలెయ్యకండి. పేషెంట్ నోట్ మాత్రం ఇక్కడ పెట్టొద్దు, పేరు తీసేసినా సరే. రికార్డులు వచ్చాక ఎక్కడ ఆగిపోయారో మీ మాటల్లో రాయండి, షిఫ్ట్ అయ్యాక పొద్దున్న చూసి చెప్తాను.