తుపాను దారిని బాగానే చెప్పే మోడళ్లు దాని బలం దగ్గర ఎందుకు తడబడతాయి?
తుపాను ఎటు సాగుతుందన్నది దాని చుట్టూ వందల కిలోమీటర్ల మేర వీచే గాలుల మీద ఆధారపడుతుంది కాబట్టి, వాతావరణాన్ని గళ్లుగా విభజించి ఒక్కో గడిలో గాలి, తేమ, పీడనం ఎలా మారతాయో లెక్కగట్టే సంఖ్యాత్మక మోడళ్లకు ఆ పని కొంత సులువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పగలిగింది.

బలం సంగతి వేరు. అది తుపాను నడిమధ్యన ప్రశాంతంగా ఉండే భాగం, అంటే కన్ను, చుట్టూ ఉండే మేఘవలయంలో నిర్ణయమవుతుంది. 2025 మే నెలలో ప్రారంభమైన మన దేశపు వాతావరణ మోడల్ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో సైతం గడి సుమారు 6 కిలోమీటర్లు కనుక, అంతకంటే చిన్న మేఘాలను ఉజ్జాయింపు సూత్రాలతోనే లెక్కలోకి తీసుకోవాలి.

బంగాళాఖాతంలో ఇంకో చిక్కు ఉంది. మామూలుగా తుపాను గాలులు సముద్రాన్ని చిలికి, అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తాయి. దానితో తుపాను కొంత నీరసిస్తుంది. ఇక్కడ గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కావడం వల్ల పైపొరగా పరుచుకుని, ముఖ్యంగా వానాకాలం ముగిశాక, ఆ చిలకడాన్ని అడ్డుకుంటుంది. అందుకే వాతావరణ మోడల్‌కు సముద్ర మోడల్‌ను జతచేసి నడుపుతారు. గడిని మరింత చిన్నది చేయడం కంటే, సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే ఆర్గో పరికరాలు పంపే లోతు నీటి ఉష్ణోగ్రత, లవణీయత కొలతలను మోడల్‌కు సరిగ్గా అందించడమే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.