ఇంకో బియ్యం బస్తా దింపితే భయం పోతుందా?

ప్రశ్న: మాది సరూర్‌నగర్‌లో సొంత ఇల్లు, కింది వాటాలో ఉంటాం. 2020 అక్టోబర్ వానలకు ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి, రెండు రాత్రులు పై వాటా వాళ్లింట్లో తలదాచుకున్నాం. అప్పటినుంచి బియ్యం, పప్పులు, వాటర్ క్యాన్లు, రెండో ఇన్వర్టర్, బీరువాలో 4 లక్షల క్యాష్... పోగేస్తూనే ఉన్నా. జీతం 95 వేలు, ఈఎంఐ 31 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు, ఎఫ్‌డీ 7 లక్షలు. ఇన్సూరెన్స్ అంటే ఆఫీసు హెల్త్ పాలసీ ఒక్కటే. ఇప్పుడు ఎఫ్‌డీ తీసేసి, పర్సనల్ లోన్ కూడా పెట్టి చేవెళ్ల వైపు ప్లాటు కొందామనుకుంటున్నా, ఏమైనా అయితే వెళ్లిపోవడానికి. మా ఆవిడ పిచ్చి పట్టిందంటోంది.

జవాబు: పిచ్చేం కాదండీ. నడుము లోతు నీళ్లలో నిలబడ్డ మనిషికి మబ్బు పడితే గుండె దడదడలాడకపోతేనే ఆశ్చర్యం. కానీ ఒక్కటి గమనించారా? కొన్న రోజు హాయిగా నిద్ర పడుతుంది, వారం తిరక్కుండానే ఇంకేదో లోటు కనిపిస్తుంది. నేనూ 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే 25 కిలోల బస్తాలు నాలుగు దింపించాను, ఇంట్లో ఉన్నది ముగ్గురం. వానాకాలానికి పురుగు పట్టి, చేటలో చెరగలేక మా ఇంటావిడ పెట్టిన చీవాట్లు ఇంకా గుర్తే.

మా అమ్మమ్మ వేసవిలోనే ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు ఎత్తిపెట్టేది, ఆవకాయ సంగతి సరేసరి. ఆవిణ్ని ఎవరూ ప్రెప్పర్ (ఏదో ఆపద వస్తుందని అదేపనిగా పోగేసే మనిషి) అనలేదు, ఎందుకంటే ఎన్ని శేర్లు చాలో ఆవిడకి లెక్క తెలుసు. మీకు లేనిది ఆ లెక్కే.

మీ నెల ఖర్చు, ఈఎంఐతో కలిపి 66 వేలు. ఉద్యోగం పోయినా ఆరు నెలలు గడవాలంటే దాదాపు 4 లక్షలు. అంటే మీ ఎమర్జెన్సీ ఫండ్ ఎప్పుడో పూర్తయింది, కాకపోతే బీరువాలో పడుకుంది! అక్కడ దానికి వడ్డీ రాదు, దొంగ వస్తే దిక్కు లేదు, వరదొచ్చినా అంతే. ఇక 2016 నవంబర్ 8 రాత్రి పోపుల డబ్బాల్లోని 500 నోట్లకు ఏమైందో మీరూ చూశారు. కరెంటు, ఫోన్లు పోతే యూపీఐ పనిచేయదు కాబట్టి 30 వేలు చిన్న నోట్లలో ఉంచుకోండి, మిగతాది బ్యాంకులో వేయండి. ఎఫ్‌డీ ఉన్న బ్యాంకులో మాత్రం వద్దు: ఒక బ్యాంకులో మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ ఇన్సూరెన్స్, మీ 7 లక్షలు ఇప్పటికే ఆ గీత దాటాయి.

ప్లాటు మాత్రం నేను వద్దనే అంటాను. ఆ రాత్రి మీ వీధి దాటగలిగారా? మరి చేవెళ్ల దాకా ఎలా వెళ్తారు? మిమ్మల్ని కాపాడింది పై వాటా వాళ్లు. పైగా ఉద్యోగం పోతే పర్సనల్ లోన్ ఈఎంఐ వరదకంటే ముందే ఇంట్లోకొస్తుంది.

ఇన్ని కొన్నారు గానీ ఇంటికి ఇన్సూరెన్స్ తీసుకోలేదు, అదే నాకు అర్థం కాలేదు. 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే స్టాండర్డ్ పాలసీ ఉంది, వరద నష్టం అందులో కవర్ అవుతుంది. ఇంటి కట్టడానికి తీసుకుంటే, ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు ఇంట్లో సామానుకూ వర్తిస్తుంది. దాని తర్వాత కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ తీసుకోండి, ఆఫీసుది ఉద్యోగంతోపాటే పోతుంది. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా, అది కూడా.

మీ ఆవిడతో కూర్చుని ‘చాలు’ అనే అంకె కాగితం మీద రాయండి: బియ్యం ఎంత, నీళ్లు ఎన్ని క్యాన్లు, క్యాష్ ఎంత. అంకె ఆవిణ్నే చెప్పనివ్వండి. అంతకు మించి కొనాలనిపిస్తే నెల ఆగి చూడండి. నిద్ర అప్పటికీ పట్టకపోతే డాక్టర్‌కి చూపించుకోండి, ఆ ఫీజు కూడా బడ్జెట్‌లో రాసుకోవాల్సిన ఖర్చే.

అన్నట్టు, ఆ ఇన్వర్టర్లు రెండూ నేల మీదే ఉన్నాయా? ఈ ఆదివారమే ఎత్తుగా స్టాండ్ వేయించండి, ఇంటి కాగితాలు పై వాటాలో పెట్టించండి.