టాస్క్‌బార్‌లో ఉన్నా స్క్రీన్ మీద కనిపించని ఎక్సెల్ విండో
ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిస్తే ఎక్సెల్ విండో కనిపించడం లేదని అడిగారు కదా, ఆ విండో ఎక్కడికీ పోలేదండీ. మాదాపూర్ ఆఫీసులో తగిలించే రెండో మానిటర్ ఉండే చోటే ఇంకా తెరుచుకుంటోంది. ఇంట్లో ఆ మానిటర్ లేదు కాబట్టి టాస్క్‌బార్‌లో ఐకాన్ కనిపిస్తున్నా మీ ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదికి రావడం లేదు. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని ఎవరో అన్నారని రాశారు, అంత టెన్షన్ అక్కర్లేదు.

1. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ కొడుతూ ఎక్సెల్ మీదికి రాగానే వదలండి.
2. ఆల్ట్ + స్పేస్ నొక్కి, తర్వాత ఎం (M) నొక్కండి.
3. ఇక్కడ మౌస్ ముట్టుకోకండి! ముందు ఏదో ఒక యారో కీ ఒక్కసారి నొక్కాలి. చాలామంది వదిలేసేది ఇదే. యారో నొక్కాకే విండో మౌస్‌కు అతుక్కుంటుంది. తొందరపడి క్లిక్ చేస్తే మళ్లీ 2 నుంచి మొదలు.
4. ఇప్పుడు మౌస్ కదిపితే విండో దాని వెంటే వస్తుంది. కావలసిన చోట క్లిక్ చేయండి.

ఎం పనిచేయకపోతే విండో మ్యాక్సిమైజ్ అయి ఉంటుంది. ఆల్ట్ + స్పేస్ నొక్కి, తర్వాత ఆర్ (R) కొట్టి మళ్లీ 2 నుంచి చేయండి.

ఇకపై ఆఫీసులో కేబుల్ పీకే ముందే విండోస్ + షిఫ్ట్ + ఎడమ యారో కొట్టండి. ఉన్నవి రెండు స్క్రీన్లే అయితే కుడి యారో అయినా ఒకటే, విండో ల్యాప్‌టాప్ మీదికి వచ్చేస్తుంది.