వెనక చక్రం స్పోకులు విరుగుతున్నాయి

ప్రశ్న: శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 44వ జాతీయ రహదారి మీద ఒంటరిగా సైకిల్‌పై వెళ్లాలనుకుంటున్నాను. 15 కిలోల సామాను కట్టి కాలవగట్ల మీద తొక్కుతుంటే వెనక స్పోకులు పదేపదే విరుగుతున్నాయి. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: బరువంతా వెనకే ఉంది కదమ్మా! పైగా స్పోకు వదులైతే చక్రం తిరిగిన ప్రతిసారీ బిగుస్తూ సడలుతూ, హబ్బు (చక్రం మధ్యభాగం) దగ్గరి వంపులో చిట్లుతుంది. ఒకటి మార్చినా పక్కది విరుగుతోందంటే మిగతావీ అలసిపోయినట్టే. 36 స్పోకుల రిమ్ముకి అన్నీ కొత్తవి వేయించి, బిగుతు సమంగా సరిచేయించండి. నాలుగైదు కిలోలు ముందు క్యారియర్‌కి మార్చండి. రెండు వైపులా స్పోకుల పొడవు వేరుగా ఉండొచ్చు, కొలిపించి తలా రెండు వెంట ఉంచుకోండి. చైను వైపుది విరిగితే ఫ్రీవీల్ (చైను తిప్పే వెనక పళ్లచక్రం) ఊడదీయాలి. దాన్ని ఊడదీసే పనిముట్టు మాత్రం మరవద్దు, దారిలో ప్రతి షాపులోనూ ఉండదు. చీకటి పడకముందే బసకు చేరండి. పంజాబ్‌లో గురుద్వారాలను అడగండి.