బల్గేరియాలో గైడ్ ఎక్కడ అక్కర్లేదు, ఎక్కడ తప్పదు

బల్గేరియా చరిత్ర చూడాలంటే గైడ్‌తో కారు యాత్రకు డబ్బు పెట్టాలా, రాజధాని సోఫియాలో దిగి సొంతంగా తిరిగితే సరిపోదా అని అడిగారు. నేను జర్మనీలో ఉద్యోగం చేస్తూ, ఒక మే నెల చివర్లో మా ఆవిడనీ అత్తగారినీ తీసుకుని వెళ్లాను. నన్నడిగితే సోఫియాకూ, ప్లోవ్‌దివ్ అనే పాత నగరానికీ గైడ్ అక్కర్లేదు. ఆ తర్వాత కొండలు దాటి ఉత్తరానికి వెళ్లే దారికి మాత్రం తప్పకుండా పెట్టుకోండి.

సోఫియాలో సెర్దికా మెట్రో స్టేషన్ దగ్గర మెట్లు దిగితే చాలు, రోమన్ల నాటి వీధుల మధ్య నడుస్తారు. దగ్గర్లోనే 4వ శతాబ్దపు ఎర్ర ఇటుకల సెయింట్ జార్జ్ చర్చి. ఊరి చివర ఉన్న బొయానా చర్చిని మాత్రం వదలొద్దు. 1259 నాటి గోడ చిత్రాలవి. లోపలికి కొద్దిమందినే, పది నిమిషాలు మాత్రమే పంపుతారు. ప్లోవ్‌దివ్‌లో రోమన్ల థియేటర్‌లో ఇప్పటికీ కచేరీలు జరుగుతాయి. ఇవన్నీ బోర్డులు చదువుకుంటూ చూసేయొచ్చు.

రిలా మఠం సోఫియా నుంచి సుమారు 120 కిలోమీటర్లు. 1833లో మంటల్లో కాలిపోతే ఊరూరా చందాలు పోగేసి మళ్లీ కట్టుకున్నారు. 14వ శతాబ్దపు రాతి బురుజు ఒక్కటే పాతది మిగిలింది. అక్కడి చర్చి వసారా గోడల మీద జబ్బు నయం కావాలని మంత్రగత్తె దగ్గరికి వెళ్లేవాళ్లనీ, వాళ్ల చుట్టూ చిందులేసే దయ్యాలనీ గీశారు. మా అత్తగారు మిగతా దేవదూతలందరినీ వదిలేసి ఆ ఒక్క బొమ్మ దగ్గరే చాలాసేపు నిలబడ్డారు. 'డాక్టర్ దగ్గరికి వెళ్లమని అప్పుడే చెప్పారన్నమాట' అన్నారు.

ఇక అసలు సంగతి కజాన్లక్ లోయ. దీన్ని గులాబీల లోయ అంటారు. ఒక కిలో గులాబీ నూనె తీయాలంటే మూడు నాలుగు వేల కిలోల పూలరేకులు కావాలి. నూనె ఎండకు ఎగిరిపోతుందని తెల్లవారుజామునే కోస్తారు. టూరిస్టు బస్సులు చాలావరకు ఈ పూల దగ్గరే ఆగిపోతాయి. మా గైడ్ మమ్మల్ని ఊరి పక్కనున్న కొప్రింకా రిజర్వాయర్ గట్టు మీదికి తీసుకెళ్లి, నీళ్ల వైపు చూపించి, 'ఆ కింద ఒక రాజధాని ఉంది' అన్నాడు.

క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దం చివర్లో మూడో సెవ్‌తెస్ అనే థ్రేసియన్ (ప్రాచీన కాలంలో ఈ ప్రాంతంలో ఉన్న జాతి) రాజు కట్టించిన సెవ్‌తోపోలిస్ అది. 1948లో డ్యామ్ పనులప్పుడు బయటపడింది. గబగబా తవ్వి, కొలతలు రాసుకుని, దొరికిన వస్తువులు మ్యూజియంకు చేర్చి, నీళ్లు వదిలేశారు. వింటుంటే నాకు మన నాగార్జునకొండ గుర్తొచ్చింది. దాన్ని కూడా 1950లలో, సాగర్ నీళ్లు రాకముందు హడావుడిగా తవ్వారు. మనవాళ్లు కొన్ని కట్టడాలను కొండ మీదికి తరలించి మళ్లీ నిలబెట్టారు. ఇక్కడ నగరం మొత్తం నీళ్ల కిందే ఉండిపోయింది. ఆ గట్టు మీద బోర్డు ఉన్నా నేను కారు ఆపేవాణ్ణి కాదు. గైడ్ కావాలనేది ఇందుకే.

అదే సెవ్‌తెస్ సమాధి 2004లో దగ్గర్లోని ఒక మట్టిదిబ్బ కింద దొరికింది. బంగారు ఆకుల కిరీటం, రాజుదని చెప్పే కంచు తల దాంట్లోవే. ఊళ్లో ఇంకో సమాధి ఉంది, 1944లో సైనికులు మట్టి తవ్వుతుంటే బయటపడింది. దాని లోపలి బొమ్మలు పాడవకుండా పక్కనే అచ్చం అలాంటి నకలు కట్టి సందర్శకులకు దాన్నే చూపిస్తారు. 'నకలు చూడ్డానికి ఇంత దూరం రావాలా' అని మా ఆవిడ విసుక్కుంది. నాకైతే అదే మంచి పద్ధతి అనిపించింది.

లోయ నుంచి పైకి మలుపులు తిరుగుతూ వెళ్తే షిప్కా కనుమ. 1877 ఆగస్టులో రష్యన్ సైనికులు, బల్గేరియా వాలంటీర్లు కలిసి అప్పటి పాలకులైన ఒట్టోమన్ తురుష్కుల సైన్యాన్ని ఇక్కడే ఆపారు. తూటాలు అయిపోతే రాళ్లు విసిరారట. స్మారకం దాకా తొమ్మిది వందలకు కాస్త తక్కువ మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులుంటే కారు పైకే వెళ్తుంది. పక్క శిఖరం మీద ఎగిరే పళ్లెంలా కనిపించేది బుజ్లుజా, 1981లో కమ్యూనిస్టు పార్టీ కట్టించుకున్న భవనం. 1989లో ఆ పార్టీ పాలన పోయాక పట్టించుకునేవాళ్లు లేక శిథిలమైంది. మేం వెళ్లినప్పుడు లోపలికి పోనివ్వలేదు. మా గైడ్‌ను చిన్నప్పుడు స్కూలు నుంచి బస్సులో తెచ్చి చూపించారట. పడగొట్టాలా, బాగుచేయాలా అని అడిగితే కాసేపు ఆలోచించి, 'మా నాన్నను అడిగితే ఒకటి చెప్తాడు, మా అబ్బాయిని అడిగితే ఇంకోటి' అన్నాడు.

అయితే గైడ్ చెప్పిందంతా నమ్మేయకండి. దాదాపు ఐదు వందల ఏళ్ల ఒట్టోమన్ పాలన గురించి చాలామంది అంతా చీకటి కాలమన్నట్టు ఒకే ధోరణిలో చెప్తారు. ప్లోవ్‌దివ్ నడిబొడ్డున జుమాయా మసీదులో ఇప్పటికీ నమాజు జరుగుతోంది. దాని గురించి కూడా అడగండి.

కనుమ దిగి ఉత్తరానికి వెళ్తే వెలికో తర్నవో. 1185 నుంచి 1393 దాకా బల్గేరియా రాజధాని, 1879లో ఆధునిక రాజ్యాంగం రాసుకున్నది కూడా ఇక్కడే. త్సరెవెత్స్ కోట కొండ మీది చర్చిలో పాత బొమ్మలు ఉంటాయనుకుంటే 1980లలో వేసిన ఆధునిక చిత్రాలు ఉంటాయి. కొందరికి నచ్చవు, నాకు బాగా నచ్చాయి.

తిండికి శాకాహారులకు ఇబ్బంది లేదు. బానిత్సా (చీజ్ పెట్టిన పొరల రొట్టె), షోప్‌స్కా సలాడ్ (టమాటా, దోసకాయ మీద తెల్ల చీజ్ తురుము), పెరుగులో దోసకాయ, వెల్లుల్లి, అక్రోటు వేసిన తరాతోర్ ఎక్కడైనా దొరుకుతాయి. అక్కడ తల అడ్డంగా ఊపితే అవునని, నిలువుగా ఊపితే కాదని. మన అడ్డం నిలువు కాని ఊపుడుతో వెయిటర్లు బాగా తికమక పడ్డారు.

2025 జనవరి నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లో (సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) ఉంది, 2026 జనవరి నుంచి యూరోలే. గైడ్‌ను మాట్లాడుకునేటప్పుడు షిప్కా మీదుగానే తీసుకెళ్తారా, కొప్రింకా దగ్గర ఆగుతారా అని ముందే అడగండి. చలికాలమైతే కనుమ మీద మంచు ఎలా ఉందో కనుక్కోండి. పూలు కోయడం చూడాలంటే మే మధ్య నుంచి జూన్ మొదటి వారం లోపు వెళ్లండి. గులాబీ పండుగ రోజుల్లో కజాన్లక్‌లో గదులు దొరకడం కష్టం. అలాంటప్పుడు తర్నవోలో దిగి పొద్దున్నే బయల్దేరితే గంటన్నర ప్రయాణం.